నోటి వాసన చట్టం

ఒక పెద్ద అడవిలో, చెట్లకన్నా చట్టాలు ఎక్కువగా మొలిచిన కాలంలో, సూదమ్మ అనే ముళ్ళపంది ఉండేది. చూలాలు. తొలకరికి పిల్లలు పుడతారు. ఉన్న బొరియ పల్లంలో ఉంది, నాలుగు చినుకులు పడితే నీళ్ళు దిగుతాయి. మెరక మీద కొత్త బొరియ కావాలి. నిండు పొట్టతో తనే తవ్వుకోలేక, బొరియల కాంట్రాక్టరు వరహాలుని పిలిచింది.

వరహాలు అడవిపంది. మాట తేనె, పని బురద. నలభై దుంపలు ముందే పుచ్చుకుని, మూడు రోజులు నేల గీకి, మూతి పట్టేంత గుంట చేసి ఆపేశాడు.

"రాయి తగిలిందమ్మా," అన్నాడు.

"రాయేదీ? నాకు కనపడదే!"

"లోపలుంది. అయినా రోహిణి కార్తెలో మట్టి మాత్రం రాయి కాదా ఏంటి? మనం మాట్లాడుకున్నది మట్టికి. రాయికి మళ్ళీ మాట్లాడుకోవాలి."

నలభై దుంపల పొట్ట ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. సూదమ్మకి ఒంటి మీద ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. కానీ ఆమె పద్ధతి గల జీవి. పొడిచే ముందు ఫిర్యాదు చెయ్యాలని ఆమె నమ్మకం. ఆ నమ్మకమే ఆమె కొంప ముంచింది.

మద్దిచెట్టు కింద వ్యాపార తగవుల కచేరి ఉంది. న్యాయాధికారి తాబేలు. ఎవరైనా గొంతు పెంచితే తల లోపలికి లాక్కుంటాడు, మళ్ళీ బయటపెట్టేది భోజనం వేళకే. నిజానికి కచేరి నడిపేది గుమాస్తా ఉడుము. అర్జీ అతని పట్టులో పడిందంటే, అతను వదలాల్సిందే తప్ప ఇంకొకరు లాగలేరు.

"రెండు దుంపలు తెండి సూదమ్మగారూ, రేపే పిలుపు," అన్నాడు ఉడుము, మంచినీళ్ళు అడిగినంత తేలిగ్గా.

నలభై ఎలాగూ పోయాయి, ఇంకో రెండు పోతే పోనీ, పిల్లలకి నీడ దొరుకుతుంది అనుకుంటూ ఆమె దుంపల కోసం ఇంటికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే అడవికి సంస్కరణ వచ్చింది.

తెచ్చింది వలస కొంగలు. ఏ అడవిలో కచేరి ఎలా నడుస్తోందో చూసి మార్కులు వెయ్యడం వాటి వృత్తి. తమ జన్మలో ఒక్క వాయిదాకీ వెళ్ళి ఎరగవు గనక ఆ విషయంలో వాటికి బోలెడు అభిప్రాయాలున్నాయి.

"మహారాజా," అన్నాడు కొంగల పెద్ద సింహరాజుతో, "దక్షిణాన గడ్డి ఎండిపోయి ఎనిమిది వందల చుక్కల జింకలు కొత్త చోటు వెతుక్కుంటున్నాయి. మీ గడ్డి బంగారం. కానీ ఇక్కడ లంచాలనీ, తగవులు తెగవనీ వాటికి భయం. ముందు నమ్మకం కలిగించాలి."

సింహరాజు మూతి నాక్కున్నాడు. "కలిగిద్దాం. ఎనిమిది వందలన్నావు కదూ?"

అదీ ఆయనగారి పరిపాలనా దక్షత. నోరూరితే తప్ప న్యాయం గుర్తుకు రాదు.

మర్నాడే రెండు చట్టాలు వెలిశాయి. ఏ తగవైనా ఏడు రోజుల్లో తేలిపోవాలన్నది మొదటిది. లంచం తిన్న నోరు వాసన దాచలేదు కాబట్టి కచేరి గడపలో అందరి నోళ్ళూ వాసన చూడాలన్నది రెండోది. ఆ పనికి దుమ్ములగొండిని వేశారు. కుళ్ళిన కళేబరం తప్ప వేరే వాసన ఎరగనివాడికి ముక్కుతో చేసే ఉద్యోగం ఇవ్వడం ఆ అడవికే చెల్లింది.

సూదమ్మ పొంగిపోయి కచేరికి పరుగెత్తింది. ఉడుము నిమ్మగడ్డి నములుతున్నాడు.

"ఆరు దుంపలు," అన్నాడు గొంతు తగ్గించి.

"అదేంటండీ గుమాస్తాగారూ! మొన్న రెండేగా అన్నారు. ఇప్పుడు చట్టం కూడా వచ్చిందిగా!"

"వచ్చింది కాబట్టే కదమ్మా. మొన్న భయం లేదు, రెండుకే గిట్టుబాటయ్యేది. ఇప్పుడు పట్టుబడితే ఉద్యోగం ఊడుతుంది. వాసన చూసే ఆయనకి రెండివ్వాలి. పైగా ఈ నిమ్మగడ్డి నా సొంత ఖర్చు. మీరే ధర్మంగా చెప్పండి, ఆరు ఎక్కువా?"

సూదమ్మకి ఒళ్ళు మండింది. తిన్నగా వెళ్ళి, కొంగల ముందే, ఉన్నదున్నట్టు దుమ్ములగొండికి చెప్పేసింది. ఇక అతనికి తనిఖీ చెయ్యక తప్పలేదు.

ఉడుము నోరు చూశాడు, నిమ్మగడ్డి వాసన. తాబేలు నోరు చూశాడు, అదే వాసన. నలభై దుంపలు మింగిన వరహాలుని పిలిపిస్తే, అతని నోరు కూడా నిమ్మగడ్డితో ఘుమఘుమలాడింది. చివరికి సూదమ్మ దగ్గరికొచ్చాడు. ఆమె పొద్దున తిన్నది ఏ ముళ్ళపందైనా తినేదే.

"దుంప వాసన!" అని కేకేశాడు. "దొరికింది!"

"అయ్యో, అది నా పొద్దుటి తిండి బాబూ!"

"తినడమే కదమ్మా నేరం."

తాబేలు తల బయటపెట్టి, నేరస్థురాలి అర్జీ చెల్లదని చెప్పి, తల లోపలికి లాక్కున్నాడు. తగవు ఏడు రోజులు కాదు, ఏడు నిమిషాల్లో తేలింది. అవినీతి కేసు కూడా ఒకటి రుజువైంది. ఒకే దెబ్బకి రెండు పిట్టలని ఎవరో అంటే కొంగలు కాస్త నొచ్చుకున్నాయి గానీ, మార్కులు మాత్రం పదికి తొమ్మిది వేశాయి.

సూదమ్మ తన గుంట దగ్గర కూలబడి ఏడ్చింది. నాలుగు సార్లు గోళ్ళతో గీకింది, ఆయాసం వచ్చి ఆగింది. అవతల మబ్బు పట్టేస్తోంది. "దుంపలు తిన్నవాడు నిర్దోషి, ఇచ్చినదాన్ని నేను దొంగని. నా పిల్లల్ని నీళ్ళలో కనాలా?" అంది.

ఆ మార్కులు చూసి జింకల పెద్దమ్మ అడవిని చూసిపోవడానికి బయల్దేరింది. ఆవిడకి విడిది గుహ కట్టాలి. తగవు గెలిచిన నిజాయితీపరుడు వరహాలుకే ఆ పని దక్కింది. అతను సూదమ్మ గుంటని ఆనుకునే పెద్ద గొయ్యి తీసి, కప్పుకి దుంగలు వెయ్యాల్సిన చోట పుల్లలు పరిచి, పైన మట్టి అలికాడు.

తొలకరి జల్లు పడిన ఉదయం సింహరాజు పెద్దమ్మని వెంటబెట్టుకొచ్చాడు. "ఎంత గట్టిగా కట్టించానో చూడండి," అంటూ కప్పెక్కి కాలితో తన్ని చూపించాడు. నడుం దాకా దిగి ఇరుక్కుపోయాడు.

"వరహాలూ! నిన్ను నమిలేస్తాను!"

"మహారాజా, పెద్దమ్మగారు చూస్తున్నారు," అని కొంగల పెద్ద గొణిగాడు. "పనివాడితో తగవుకి కచేరి ఉండనే ఉంది. అర్జీ పంపండి."

సింహరాజు పళ్ళు నూరుకుంటూ అర్జీ పంపాడు. మద్దిచెట్టు కింద మూడుసార్లు పిలిచారు. వాది గోతిలో ఉన్నాడు. ఎలా వస్తాడు? "వాది హాజరు కాలేదు. కొట్టేశాం," అని తాబేలు తల లాక్కున్నాడు. తగవు తేలడంలో అదొక కొత్త రికార్డు.

ఉడుము పాక్కుంటూ గొయ్యి అంచుకొచ్చాడు. "ప్రభూ, ఆరు ఇప్పించండి, కేసు మళ్ళీ తెరిపిస్తాను. నిమ్మగడ్డి ఖర్చు తమరికి మాఫీ."

"ఇస్తానురా! ఎనిమిది వందల జింకలొస్తున్నాయి, నీకూ ఓ తొడ పడేస్తాను! ముందు నన్ను బయటికి లాగు!"

పెద్దమ్మ చెవులు నిక్కాయి. "కచేరీ చూశాం, విందు సంగతీ విన్నాం. సెలవు మహారాజా," అని ఒక్క గెంతులో పొద దాటింది. ఆ మంద మళ్ళీ ఆ దిక్కుకి రాలేదు. కొంగలు వేరే అడవికి మార్కులు వెయ్యడానికి ఎగిరిపోయాయి. వరహాలు అప్పటికే అక్కడ కొత్త కాంట్రాక్టు మాట్లాడుకుంటున్నాడు.

సింహరాజు గోతిలో కాళ్ళు తన్నుకున్న తన్నులకి పక్కనున్న మట్టిగోడ కూలి, సూదమ్మ గుంట లోపలికి నాలుగు బారలు తెరుచుకుంది. ఆయన్ని బయటికి లాగాక ఆమె తొంగి చూసింది. మెరక నేల, పొడిగా ఉంది. నలభై దుంపలకి రాని బొరియని మహారాజే స్వయంగా, ఉచితంగా తవ్విపెట్టాడు. ఆ సాయంత్రమే ఆమెకి ఇద్దరు పిల్లలు పుట్టారు.

మూడోనాడు ఉడుము వచ్చాడు. "గృహప్రవేశానికి అనుమతి లేదు కదా సూదమ్మగారూ. ఆరుతో సరిపెడదాం."

"దానికేం, దగ్గరికి రండి," అని సూదమ్మ వీపు తిప్పి, ముళ్ళు లేపి, ఒక్కసారి వెనక్కి నడిచింది. ఈసారి ఫిర్యాదు చెయ్యలేదు.

మర్నాడు కచేరి గడపలో దుమ్ములగొండి వాసన చూశాడు. మూతి నిండా ముళ్ళతో ఉడుము నోరే తెరవలేకపోయాడు. ఏ వాసనా రాలేదు గనక, అంతటి నిజాయితీపరుడు మరొకడు లేడని అతనికి పత్రం రాసిచ్చారు.

నీతి: ఆ కచేరి సక్రమంగా నడిచి ఉంటే ఎనిమిది వందల జింకలు ఈపాటికి సింహరాజు కడుపులో ఉండేవి, కాబట్టి లంచాన్ని తిట్టే ముందు జింకల్ని ఒక మాట అడగండి.