రాష్ట్రపతి సంతకానికి అటెస్టేషన్

మన దేశంలో మనిషికి ప్రాణం ఎంతో, కాగితానికి జిరాక్సు అంత. జిరాక్సు లేని కాగితాన్ని ఏ ఆఫీసూ కాగితం కింద జమకట్టదు (జిరాక్సు లేని మనిషి సంగతి ఇంకా పరిశీలనలో ఉంది). ఈ మహాసత్యం తెలియకుండా డెబ్భై ఏడేళ్లు హాయిగా బతికేసిన వ్యక్తి కెప్టెన్ పాంగి ఈశ్వరమ్మ.

అరకు పైన కొండల్లో పనసవలస ఆవిడ ఊరు. మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువు చదివి, ఆ చుట్టుపక్కల కొండలన్నిటిలోకీ మొదటి మిలటరీ నర్సింగ్ అధికారి అయింది. 1971లో సాక్షాత్తూ రాష్ట్రపతి సంతకంతో కమిషన్ పత్రం అందుకుంది. నీ విధేయత మీద, ధైర్యం మీద, నడవడి మీద మాకు ప్రత్యేకమైన నమ్మకం ఉంది కాబట్టి నిన్ను అధికారిగా నియమిస్తున్నాం అని అందులో ఉంది. ఆ తరవాత ప్రభుత్వం నుంచి ఆవిడకి చాలా కాగితాలొచ్చాయి. బతికున్నట్టు రుజువు చూపమని కొన్ని, ఆ ఊళ్లోనే ఉంటున్నట్టు రుజువు చూపమని కొన్ని, కొండ మనిషేనని రుజువు చూపమని ఇంకొన్ని. నమ్ముతున్నాం అన్న కాగితం మాత్రం అదొక్కటే. అందుకే దాన్ని కంటికి రెప్పలా చూసుకుంది.

చూసుకోవడం అంటే, వచ్చే ఏటికి చోడి విత్తనాలు ఎలా దాస్తారో అలాగే. వెదురు గొట్టంలో చుట్టి పెట్టి, పొయ్యికి పైన వేలాడదీసింది. పొగకి చెద రాదు, పురుగు రాదు. యాభై ఏళ్లు పొగ తాగిన పత్రం కాఫీ డికాషన్ రంగుకి తిరిగింది గాని, ఒక్క అక్షరం చెరగలేదు.

ఇలా ఉండగా అరకులో వారసత్వ పత్రాల నిర్ధారణ కేంద్రం వెలిసింది. తొలి అధికారి కమిషన్ పత్రాన్ని నెల్లాళ్లు గాజు పెట్టెలో ఉంచి ఆశ్రమ పాఠశాల ఆడపిల్లలకి చూపిస్తామని, తరవాత భద్రంగా తిరిగిస్తామని కబురొచ్చింది. అసలుతో పాటు ఒక జిరాక్సు జతచెయ్యాలి. ఆడపిల్లలు చూస్తారంటే ఈశ్వరమ్మకి సంబరం వేసింది. జిరాక్సు షాపు కామేష్ మరకలన్నీ పోయేలా మిషన్ సర్ది, మందపాటి కాగితం మీద రంగు జిరాక్సు తీశాడు.

"సూడు మామ్మా, నీ ఒరిజినల్ కన్నా నా జిరాక్సే మెరిసిపోతంది!" అన్నాడు.

అదే కొంప ముంచింది.

రెండూ కేంద్రంలో ఇచ్చి, నెల తిరిగాక పత్రం కోసం వెళ్తే, గుమాస్తా రవిబాబు ఎదురొచ్చి మరీ గాజు పెట్టె చూపించాడు. లోపల ఉన్నది కామేష్ జిరాక్సు.

"ఇది జిరాక్సు కద బాబూ. నాది పొగసూరిన కాయితం."

"పొగసూరింది నకలు మామ్మా. పదకొండో నియమం సూడండి. అసలు పత్రం తెల్లగా, శుభ్రంగా ఉండవలెను. మరకలు గలది, పొగ వాసన వచ్చేది నకలుగా భావించబడును." (నియమం రాసినవారు ఎప్పుడైనా పాత కాగితం వాసన చూశారా అన్నది నియమంలో లేదు.)

"పోనీ, ఆ నకలే ఇచ్చీ బాబూ. నాకదే సాలు."

"అమ్మో, నకళ్లు ఇచ్చేస్తే జనం ఒరిజినల్ అనుకొని మోసపోరేటి? అందుకే నెల గడువు దాటినవి శుక్రవారం శుక్రవారం నాలుగింటికి కాల్సేస్తాం."

ఆవేళ శుక్రవారం. గోడ గడియారంలో మూడూ ఇరవై అయింది. కిటికీలోంచి పెరట్లో కాగితాల కుప్ప, పక్కన అగ్గిపెట్టెతో అటెండరు కనిపిస్తున్నారు. యుద్ధంలో కాళ్లు పోయిన జవాన్లకి నిదానంగా కట్లు కట్టిన ఈశ్వరమ్మ ఇప్పుడు రవిబాబు చెయ్యి పట్టుకుంది.

"ఏటి సేస్తే ఆపుతారు? బేగి సెప్పు!"

రవిబాబు చెడ్డవాడు కాదు. ఆవిడ మొహం చూసి జాలేసి, నియమాల పుస్తకం మళ్లీ తిరగేశాడు. గెజిటెడ్ అధికారి ఎవరైనా 'నిజ నకలు' అని సంతకం చేస్తే ఆ నకలుకి దహనం నుంచి మినహాయింపు ఉంది.

"కానీ ఆఫీసర్లందరూ పాడేరు మీటింగుకెళ్లిపోనారు మామ్మా. సోమవారం గాని రారు."

"నేనూ గెజిటెడ్ ఆఫీసర్నే కద."

"రుజువు?"

ఈశ్వరమ్మ గాజు పెట్టె వైపు వేలు చూపించింది. రవిబాబు వెళ్లి, ప్రతి లైను కిందా వేలు పెట్టుకుని చివరిదాకా చదివాడు. ఒరిజినల్ కాబట్టి కాదనలేకపోయాడు. రిటైరయినా మిలటరీ హోదా ఉంటుందని సూపరింటెండెంటుకి ఫోను చేసి తెలుసుకున్నాడు కూడా.

నాలుగవడానికి ఎనిమిది నిమిషాలుందనగా, కుప్పలోంచి తీసిన పత్రం ఆవిడ ముందుకొచ్చింది. రాష్ట్రపతి సంతకం కింద ఖాళీ చూసుకుని, "అసలుతో సరిపోల్చి చూడబడినది, నిజ నకలు" అని రాసి సంతకం చేసింది. భారత రాష్ట్రపతి సంతకం కామేష్ జిరాక్సుతో పోల్చి చూడగా సరిగానే ఉందని ఆ విధంగా అధికారికంగా తేలింది. బంగారం లాంటి కాగితం మీద తన చేత్తోనే నకలని రాసుకోవాల్సి వచ్చినందుకు ఆవిడకి ఏడుపొచ్చింది. అయినా దక్కింది, అదే పదివేలు అనుకుని, చంటిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని జీపెక్కింది.

పది రోజులు తిరక్కుండా, ఓ ఆదివారం రవిబాబు ఆయాసపడుతూ పనసవలస ఎక్కాడు. ప్రమోషన్‌కి తన సర్టిఫికెట్ల జిరాక్సులు అయిదింటి మీద గెజిటెడ్ సంతకం కావాలి. ఆఫీసర్లు మళ్లీ మీటింగులో ఉన్నారు. ఈశ్వరమ్మ అంబలి ఇచ్చి కూర్చోబెట్టి, అయిదింటి మీదా చకచకా సంతకాలు పెట్టేసింది.

"మామ్మా, ఒరిజినల్స్ తెచ్చినాను. సూడరా?"

"ఎందుకు బాబూ? నీవని నువ్వు సెప్తన్నావు కద. నిన్ను నమ్మినాను."

పదిహేడేళ్ల సర్వీసులో ఆ మాట రవిబాబుతో ఎవరూ అనలేదు. కళ్లు చెమర్చగా వంగి ఆవిడ కాళ్లకి దండం పెట్టాడు.

సోమవారం పొద్దున్నే ఆఫీసుకి వెళ్లి, పనసవలసలో ఒక గెజిటెడ్ అధికారి ఒరిజినల్స్ చూడకుండా సంతకాలు చేస్తున్నారని పైకి రిపోర్టు రాశాడు. రుజువుగా ఆ అయిదింటికీ జిరాక్సులు తీసి జతచేశాడు. సంతకాలున్నవి తన ప్రమోషన్ ఫైల్లో పెట్టుకున్నాడు.