శాంతికుమార్ ఫాంటు

ఆ ఉదయం శాంతికుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కోటబొమ్మాళి చర్చి నూరేళ్ల పండగ పుస్తకాన్ని టిఫిను లోపు ప్రెస్సుకు పంపేయాలి. చర్చికి ఆయన కార్యదర్శి. ప్రెస్సు బరంపురంలో, బావమరిదిది.

సంఘమంతా కలిసి రాసుకోవాలని పాస్టరు గారు ఆ పుస్తకాన్ని ఆన్‌లైన్లో పెట్టించారు. కలిసి రాయడమంటే అందరూ రాయడం, తాను కొట్టేయడం అని శాంతికుమార్ అర్థం చేసుకున్నాడు. పాటల బృందం నడిపే స్వర్ణ తన తల్లి దేముడమ్మ గురించి ఒక పేరా రాస్తే, తెల్లారేసరికి మాయం. మళ్లీ పెడితే మళ్లీ మాయం. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి చర్చికి పైకప్పు వేయించిన మనిషి ఆవిడ. ఆవిడ పేరే లేకపోతే అది ఎవరి చరిత్ర? స్వర్ణకు ఒళ్లు మండింది. తిన్నగా శాంతికుమార్ ఇంటికే వచ్చింది.

"ఏటి మావా, మాయమ్మ నీకేటి సేసింది? ఆ పేరా లేకపోతే మేం పండక్కి పాడం. అయ్యగారికీ సెప్పీసినాను."

పాటల్లేని పండగా? పాస్టరు గారు వెంటనే ఫోను చేసి, పేరా ఉండి తీరాలన్నారు. శాంతికుమార్ పళ్లు నూరాడు.

"సరే, సివర్న పెట్టుకో. కానీ నా ఫాంటులోనే కొట్టాల."

ఆ ఫాంటు ఆయన డీటీపీ సెంటరు నడిపిన కాలం నాటిది. ఇంకెవరూ వేలు పెట్టకుండా పుస్తకాన్ని ముందే తన కంప్యూటర్లోకి దించుకుని, ఆన్‌లైన్లోది తీసేసి, మొత్తం ఆ ఫాంటులోకే మార్చేశాడు.

"నానొప్పుకోను," అంది స్వర్ణ. "నీ ఫాంటు నీ ఇంట్లోనే తెలుగులా కనిపిస్తాది. నా అచ్చరాలు యూనికోడువి, ఏ ఫోన్లోనైనా సదవొచ్చు. నువ్వూ పీడీఎఫ్ సేసి పంపు, అచ్చరాలు ఎటూ పోవు."

"పీడీఎఫ్ సేసీసినాక రేపు ఎమ్మెల్యే వస్తానంటే ఆరి పేరెలా ఎక్కిస్తానే?"

టిఫిను వేళ దాటిపోతుండటంతో ఫైలు పీడీఎఫ్ కాకుండా ఉన్నదున్నట్టే వెళ్లింది, చివర్న స్వర్ణ పేరా స్వర్ణ అక్షరాల్లోనే. బావమరిది ఎవరిదో పెళ్లికి పోయాడు. అక్కడి ఒడియా ఆపరేటరుకు తెలుగు రాదు, వాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంటు లేదు. పాపం, వచ్చినదాన్ని వచ్చినట్టే అచ్చువేసి, కట్టలు కట్టి రైలెక్కించాడు.

పండగనాడు నిండు సభలో పాస్టరు గారు కట్ట విప్పి, చరిత్ర చదవడానికి పుస్తకం తెరిచారు. పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, డాలరు గుర్తులు. ఇంకో పేజీ తిప్పారు, అదీ అంతే. చివరి పేజీ దగ్గర ఆగి, గొంతు సవరించుకుని దేముడమ్మ పేరా మొదటి నుంచి చివరి దాకా చదివారు. సభ లేచి చప్పట్లు కొట్టింది. స్వర్ణ ఏడ్చేసింది.

"మరి నా పేరేదే?" అన్నాడు శాంతికుమార్, పేజీలు తిరగేస్తూ.

"పేజీ పేజీకీ ఉన్నాది మావా," అంది స్వర్ణ కళ్లు తుడుచుకుని. "నువ్వు పెట్టిన ఫాంటులోనే ఉన్నాది."

మిగతా నూరేళ్ల చరిత్ర తెలుసుకోవాలంటే ఇప్పటికీ శాంతికుమార్ ఇంటికే వెళ్లాలి, అదీ కరెంటు ఉన్నప్పుడు.