కనుకయ్యకు అందిన క్షమాపణ

ప్రభుత్వం మారింది కనుక, గతాన్ని తొంభై రోజుల్లో ఎదుర్కోవాలని కొత్త పాలకులు తీర్మానించారు. అందుకు చేయవలసినవి: కూలి పెంచమన్న ఊరేగింపుపై పాత ప్రభుత్వం జరిపిన కాల్పుల్లో పోయినవాళ్ల జాబితా తీయడం, పేర్లు రాతిపై చెక్కించడం, ఇంటికి క్షమాపణ పత్రం పంపడం, అందినట్టు సంతకం తీసుకోవడం, ఏటా రెండు నిమిషాలు మౌనం పాటించడం. (ఏడుపుకు వేరే సమయం కేటాయించలేదు.)

తెలుగు నేతగాళ్లు వలసపోయిన మహారాష్ట్ర మరమగ్గాల పట్నం భివండిలో ఇవన్నీ గడువుకు ముందే పూర్తయ్యాయి. చిక్కల్లా ఒకటే. రాతిమీదున్న కనుకయ్య బతికే ఉన్నాడు.

తప్పు రాతిది కాదు. ముప్పై ఏళ్ల కింద కనుకయ్య చెల్లె పెండ్లికి ఊరికి పోతూ, తాను నడిపే సాంచాలు, అంటే మరమగ్గాలు, ఇంకొకరి పాలు కాకుండా నాగయ్యను బద్లీకి పెట్టి పోయాడు. బద్లీవాడు మగ్గం నడిపినా హాజరీ అసలువాడి పేరునే పడుతుంది. ఆ వారమే నాగయ్య ఊరేగింపు మీది కాల్పుల్లో చనిపోయాడు. శవాలను ఇళ్లకు ఇవ్వలేదు. మర్నాడు పనికి రానివాళ్ల పేర్లు హాజరీ పుస్తకంలో చూసి జాబితా రాశారు.

నాగయ్య భార్య వెంకవ్వ ఆయన పేరు చెక్కించుకోవడానికి గతబాధల నమోదు కేంద్రానికి పోయింది. కౌంటర్లో ఉన్నది యోగేష్, వీళ్లుండే తెలుగువాళ్ల వాడ పద్మనగర్ పిల్లగాడే.

"అవ్వా, రికార్డుల నాగయ్య ఆ దినం డ్యూటీ మీదనే లేడు."

"లేనోనికి తూటా ఎట్ల తాకింది బిడ్డా?"

"అది మా డిపార్ట్‌మెంట్ నై."

(తూటాలది వేరే శాఖ. అది ప్రభుత్వంతో పాటు మారలేదు.)

మర్నాడు ఆమె కనుకయ్యనే వెంట తెచ్చింది.

"సార్, నేను సావలే. సూడుండ్రి."

యోగేష్ అమరుణ్ణి గౌరవంగా కూర్చోబెట్టి ఫైలు తెరిచాడు. "గాని కాకా, క్షమాపణ తీసుకున్నరు గదా? ఇగో సంతకం."

"సర్కారు కాయిదమని పెట్టిన. నాకు సదువు రాదాయె."

"మరి అయిపాయె. ఒక్క సావుకు ఒక్కటే క్షమాపణ. మీరు మాఫ్ చేసిన్రు, కేసు బంద్."

వెంకవ్వ కనుకయ్య వైపు తిరిగింది. "నా మొగన్ని సంపినందుకు నువ్వు మాఫ్ చేసినవా తమ్మీ?"

కనుకయ్య తల వంచుకున్నాడు. (ఇది మౌనం కిందికి రాదు, రెండు నిమిషాలు నిండలేదు.)

సంస్మరణ దినాన ముందు వరుస కుర్చీకి పాసు కనుకయ్య పేరున వచ్చింది. వెంకవ్వకు తాడు అవతల నిలబడే అనుమతి ఉంది. కనుకయ్య పాసు ఆమె చేతిలో పెట్టి, "అక్కా, ఇయ్యాల నా బద్లీకి నువ్వు కూసో," అన్నాడు. లోపల పేర్లు చదివారు. "కనుకయ్య" అనగానే వెంకవ్వ లేచి, "హాజిర్" అంది. రిజిస్టరులో టిక్కు పడింది.

కనుకయ్యను చూడాలనుకునేవాళ్లకు ఆయన పగటి షిఫ్టులో దొరుకుతాడు. ఆ రాతి దగ్గర ఆగినవాళ్లు మాత్రం మూడో పేరును కనుకయ్య అని చదువుకొని, నాగయ్యను తలచుకోవాలని మనవి.