మిరియం అన్యభాషలు

ఆ శనివారం పొద్దున్న మిరియం వేసుకున్న పథకం చిన్నదే. ఎండెక్కేలోగా దాబా మీద అరబిక్ అప్పజెప్పుకోవాలి, తర్వాత ఫ్రెంచి, సాయంత్రం బట్టలు సర్దుకోవాలి. సోమవారం హైదరాబాదులో యూనివర్సిటీ తెరుస్తారు. అక్కడ రెండు భాషలూ కలిపి చదువుతోంది. ఫ్రెంచి ఉద్యోగం కోసం, అరబిక్ అమ్మ కోసం. అమ్మ మణి కువైట్‌లో ఎవరి పిల్లలనో పెంచుతోంది. నిద్రమత్తులో ఫోనెత్తితే ముందు అరబిక్కే వస్తుంది ఆమె నోట. ఆ మాటలు అర్థంకాని కూతురిగా ఉండడం మిరియానికి ఇష్టం లేదు.

పుస్తకం చూడకుండా వస్తుందో లేదోనని కళ్లు మూసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, గట్టిగా మొదలుపెట్టింది. పక్క దాబా మీద మిరపకాయలు ఎండబోస్తున్న అచ్చియ్యమ్మ చేటతో సహా కిందికి దిగిపోయింది.

"ఒరే ఏసుపాదం, మీ గుంట మిరియం మీదకి ఏదో దిగింది. బేగి సూడు."

మిరియం తండ్రి ఏసుపాదం కుట్టుమిషను ఆపి విన్నాడు. వాళ్ల చర్చిలో ఆత్మ నిండినవాళ్లు అన్యభాషల్లో ప్రార్థించడం మామూలే. "దేవుడు భాషలిచ్చేడు," అన్నాడు. కాసేపటికే పాస్టరుగారు వచ్చేశారు.

"నేను సదువుకుంటన్నానండి. అది అరబిక్," అంది మిరియం.

"భాష పేరు కూడా తెలియజేసేడా ప్రభువు," అని ఆయన మురిసిపోయారు.

మధ్యాహ్నం అచ్చియ్యమ్మ వచ్చి, మోకాళ్ల నొప్పికి ప్రార్థన చెయ్యమని కాళ్లు చాపుకుని కూర్చుంది. ఏదో ఒకటి అంటే వెళ్తుంది కదా అని మిరియం అరబిక్‌లో కూరగాయల పేర్లు చదివింది. అచ్చియ్యమ్మ లేచి నాలుగడుగులు వేసి, నొప్పి తగ్గిందని వీధంతా చాటింది. ఇక వాకిట్లో చెప్పులు విడవడానికి చోటు లేదు.

"ఇంత వరముంటే హైదరాబాదెందుకే. ఉండిపో," అన్నాడు ఏసుపాదం.

"నాన్నా, నన్ను అందులో సేర్చింది నువ్వే కదా."

ఆయన కూరగిన్నె మీద మూత కోసమని లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఆదివారం చర్చి కిక్కిరిసింది. ప్రార్థన చెయ్యమని మిరియాన్ని మైకు ముందు నిలబెట్టారు. మణి ప్రతి ఆరాధనా ఫోన్లోనే చూస్తుంది కాబట్టి, ఏసుపాదం అలవాటు ప్రకారం వీడియో కాల్ కలిపి ఫోను మైకు పక్కన నిలబెట్టాడు. ఆ ఒక్క పని ఆలోచించి చేయవలసింది.

తెర మీద అమ్మ ముఖం చూడగానే మిరియం కూరగాయల పేర్లు మరిచిపోయింది. అమ్మా ఎప్పుడొస్తావు, ఇల్లు బోసిగా ఉంది, నీ పక్కన పడుకోవాలని ఉంది అని అరబిక్‌లో అడిగేసింది. అడుగుతూ ఏడ్చింది. సంఘమంతా ఆమెన్ అంది.

ఫోనులోంచీ అరబిక్కే వచ్చింది, అదీ ఏడుస్తూ. ఆత్మ కువైట్ దాకా వెళ్లిందని ఎవరో అన్నారు.

"అర్థం చెప్పేవాళ్లు కూడా ఉండాలి కదా," అన్నారు పాస్టరుగారు.

"నేను సెప్తానండి," అంది మణి. "ఎప్పుడొస్తావని అడుగుతంది. వచ్చే ఏడు వస్తానన్నాను. ఇది వరం కాదండి, నేను పనిసేసే ఇంట్లో మాట. ఏటయ్యా, నీకు తెలీదా?"

అందరూ ఏసుపాదం వైపు తిరిగారు.

"తెలుసు," అన్నాడాయన. "నువ్వక్కడ, ఇది హైదరాబాదులో. ఒక్కడికి వండుకోడం నా వల్ల అవడం లేదు."

మణి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"దాన్ని పంపించయ్యా. నువ్వు వండుకునేటప్పుడు రోజూ ఫోన్ సేస్తాను. తెలుగులోనే మాటాడతాను."

ఆ సాయంత్రం ఏసుపాదం బ్యాగు మోసుకెళ్లి, హైదరాబాదు రైలు అందుకోడానికి కూతుర్ని అనకాపల్లి బస్సెక్కించాడు. అచ్చియ్యమ్మ కూడా బస్టాండు దాకా నడిచివచ్చింది, ఎడమ మోకాలికి ఫ్రెంచి ఏమైనా పనిచేస్తుందేమో కనుక్కుందామని.