ఇంటి చిలకా, కొండ గోరింకా

ఒక పెద్ద అడవిలో జరిగిందని చెబితే వినడానికి గౌరవంగా ఉంటుంది గానీ, మా అడవి మరీ అంత పెద్దదేమీ కాదు. ఈ చివర తుమ్మితే ఆ చివర "చిరంజీవ" అంటారు. అయినా మాకొక సభ ఉంది. సభకొక అధ్యక్షుడు ఉన్నాడు. అధ్యక్షుడికి ఏమీ తోచనప్పుడల్లా వేసే కమిటీలు ఉన్నాయి. అందులో ఒకదానికి నేనే పెద్దను. నన్ను భల్లయ్య అంటారు. ఎలుగుబంటిని.

సాయంత్రమైతే మా పలకరాయి దగ్గర ఆట ఆడతారు. నెమలి బృందం ఆడే 'రాలిన ఈక' అనే కథ ఎప్పుడు మొదలైందో మాలో ఎవరికీ గుర్తులేదు, ఎప్పుడు అయిపోతుందో నెమలికే తెలియదు. అందరం రాళ్ళ మీద కూర్చుని చూసేవాళ్ళం. పని ఉన్నవాడికి ఆ పూట కథ తప్పేది. మర్నాడు పక్కవాడిని అడిగేవాడు. పక్కవాడు తనకు తోచింది కల్పించి చెప్పేవాడు. చాలాసార్లు అసలు ఆటకంటే అదే బాగుండేది.

ఇలా సుఖంగా ఉండగా కోతి కోటిలింగం చిలకల వ్యాపారం పెట్టాడు.

"భల్లయ్య గారూ, ఒక్క చిలకను ఇంట్లో పెట్టుకోండి చాలు. సాయంత్రం ఆటకు అదే వెళ్తుంది. విన్నది విన్నట్టు, ఎవరి గొంతు వాళ్ళదిగా, మీరు ఎప్పుడు అడిగితే అప్పుడు అప్పజెబుతుంది. మీ చిలక మీ సొంతం. ఎవడికీ చందా కట్టే పనిలేదు," అన్నాడు.

"ఎన్నాళ్ళ కథ గుర్తుంచుకుంటుంది?"

"బుర్ర నిండేదాకా. నిండితే పాతది మరిచిపోయి కొత్తది ఎక్కించుకుంటుంది. మనమూ అంతే కదండీ."

అతను అమ్మిన చిలకలకు జామపండు అలవాటు కాకముందే నక్క నాగభూషణం కొండ మీద ఇంకో దుకాణం తెరిచాడు. అతని దగ్గర గోరింకల దండు ఉంది. ఆటలన్నీ అవే విని కొండ మీద దాస్తాయి. మన గుహ ముందు నిలబడి కావాల్సింది అడిగితే, చెట్టుకొకటి చొప్పున వరస కట్టి, కొండ నుంచి గుహదాకా మాటను అందిపుచ్చుకుంటూ చేరవేస్తాయి. నెలనెలా ఒక గంపెడు పళ్ళు పంపాలి.

"రెట్టలు ఎత్తే బాధ లేదు భల్లయ్యా," అన్నాడు నాగభూషణం. "ఎన్ని కథలైనా దాచుకో. చిలక బుర్ర నిండుతుంది గానీ కొండ నిండుతుందా?"

"నేను పళ్ళు పంపడం మానేస్తే?"

"అప్పుడు కథలు కొండ మీద ఉంటాయి. నువ్వు కింద ఉంటావు."

అడవి రెండుగా చీలింది. చిలకవాళ్ళకు గోరింకవాళ్ళంటే గిట్టదు, గోరింకవాళ్ళకు చిలకవాళ్ళంటే చులకన. వియ్యమందబోయిన రెండు కుందేలు కుటుంబాలు ఈ ముక్క దగ్గరే బెడిసి, తాంబూలాలు వెనక్కి ఇచ్చుకున్నాయి. అడవి మొత్తానికి ఏది మంచిదో సభే తేల్చాలన్నారు. అధ్యక్షులు ఏనుగు గజపతి గారు తొండం ఊపి "పరిశీలిద్దాం" అన్నారు. పరిశీలించే కమిటీకి నన్ను పెద్దను చేశారు. నాకు దేని మీదా ఒక అభిప్రాయం ఉండగా ఎవరూ చూడలేదు కాబట్టి, అంతకంటే నిష్పక్షపాతి దొరకడని వారి నమ్మకం.

పోల్చిచూడాలి కదా అని రెండూ పెట్టించుకున్నాను. తీరిగ్గా విందామని ఆటలన్నీ ఇంట్లో చిలకలోనూ దాచాను, కొండ మీదా దాచాను. తీరికను దాచే పక్షిని మాత్రం ఎవరూ అమ్మడం లేదు.

"ఇదివరకు రోజూ వెళ్ళి చూసేవారు," అంది మా ఆవిడ. "ఇప్పుడు రెండు రకాలుగా దాస్తున్నారు, ఒక్కటీ వినడం లేదు."

"నేను పరిశీలనలో ఉన్నాను," అన్నాను.

ఉత్తినే కూర్చోలేదు లెండి. చిలకలు ఎప్పుడు వెళ్ళాలి, ఎప్పుడు తిరిగి రావాలి అని ఇంటింటా తగువులవుతుంటే నేనే ఒక నియమం రాసి సభ చేత ఒప్పించాను. పొద్దు తాడిచెట్టు తల తాకగానే చిలకలన్నీ పలకరాయికి బయలుదేరాలి. గబ్బిలాలు లేవగానే ఇళ్ళకు వచ్చేయాలి. ఆట సరిగ్గా ఆ వేళకు అయిపోతుంది. నా జీవితంలో నేను చేసిన తెలివైన పని అదేనని అప్పట్లో అందరితో చెప్పుకున్నాను.

ఆ రోజుల్లోనే మా చిన్నది జుంటికి ఆటలో వేషం దొరికింది. కొత్తకోడలి చెల్లెలు. ఒక్క పూట వేషం, ఒక్కటే మాట. "అక్కా, వాన వచ్చేలా ఉంది, ఈకలు లోపల పెట్టు." ఆ మాటను అది నీళ్ళు తాగుతూ అంది, చెట్టెక్కుతూ అంది, నిద్దట్లో కూడా అంది.

"నువ్వు ముందు రాయి మీద కూర్చో నాన్నా. నిన్ను చూస్తూ చెబుతాను. లేకపోతే నాకు భయం," అంది.

"కూర్చుంటాను తల్లీ," అన్నాను.

తీరా చూస్తే చిలకా గోరింకా సంగతి తేల్చే సభ కూడా ఆ సాయంత్రమే పెట్టారు. కమిటీ పెద్ద లేకుండా సభ ఎలా జరుగుతుంది? జరిగేదని ఇప్పుడు తెలుసు.

"నీ మాట రెండు రకాలుగా దాచిపెడుతున్నాను," అని జుంటికి నచ్చజెప్పాను. "చిలక వింటుంది, గోరింక వింటుంది. ఒక్కసారేమిటి, వందసార్లు వింటాను."

"చిలక కూర్చుంటే నువ్వు కూర్చున్నట్టేనా?"

"నాకంటే నయం. నేనైతే మధ్యలో కునుకు తీస్తాను."

అది చెవిలో మోదుగుపువ్వు పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు పలకరాయి దగ్గర జనం బాగానే పోగయ్యారట. సభకు పోతూ పోతూ గజపతి గారు అది చూశారు. జనం కనిపిస్తే ఆయన తొండం ఆగదు. "రెండు ముక్కలు చెప్పి వెళ్తాను," అని రాయెక్కారు. పొద్దు తాడిచెట్టు దిగిపోయినా ముక్కలు రెండు దాటుతూనే ఉన్నాయి. చివరికి దిగి సభకు బయలుదేరితే, జనమంతా ఆయన వెనకే లేచి వచ్చేశారు. ఆట ఎక్కడికి పోతుంది, ఇళ్ళలో చిలకలున్నాయిగా. రాళ్ళు ఖాళీ అయ్యాయి. కొమ్మల మీద మాత్రం చిలకలు కిటకిటలాడాయి.

సభ దివ్యంగా సాగింది. మధ్యలో కోటిలింగమే అడిగాడు, "భల్లయ్య గారూ, ఇవాళ మీ అమ్మాయి వేషం కదా?"

నేను నవ్వి, "అదెక్కడికి పోతుందయ్యా, రికార్డవుతోందిగా," అన్నాను. సభంతా చప్పట్లు కొట్టింది. ఆ ఊపులోనే తీర్మానమైంది. ప్రతి ఇంటికీ చిలకా ఉండాలి, గోరింకా ఉండాలి. అంతదాకా కొట్టుకున్న కోటిలింగం, నాగభూషణం కౌగిలించుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి జుంటి గుహ ముందు కూర్చుని ఉంది.

"ఎలా చెప్పావు తల్లీ?"

"విను. చిలక వచ్చిందిగా," అంది.

చిలకను అడిగాను. గజపతి గారు గొంతు సవరించుకున్న దగ్గర మొదలుపెట్టి ఆయన ఉపన్యాసమంతా పొల్లుపోకుండా అప్పజెప్పింది. తరవాత ఆట మొదలైంది. అత్తగారు అరిచింది, కొత్తకోడలు ఏడ్చింది, "చెల్లీ, వచ్చావా?" అంది. నేను చెవులు రిక్కించాను. "గబ్బిలాలు లేచాయి, ఇంతే సంగతులు," అని చిలక రెక్కలో తల దూర్చుకుంది. చిలకను తిడదామంటే నియమం నాది.

పొద్దున్నే గుహ ముందు నిలబడి కొండను అడిగాను. చెట్టుచెట్టూ దాటుకుంటూ మా జుంటి గొంతే వచ్చింది. "అక్కా, వాన వచ్చేలా..." అంతలో నిజంగానే వాన వచ్చింది. వరసలో ఒక గోరింక తడవలేక ఎగిరిపోయింది. మళ్ళీ అడిగాను. మళ్ళీ అక్కడే ఆగింది.

వాన వెలిశాక అడిగితే అసలు పలకలేదు. కొండెక్కి వెళ్ళాను.

"నెమలి కొత్త ఒప్పందం అడుగుతోంది," అన్నాడు నాగభూషణం. "అది తేలేదాకా 'రాలిన ఈక' కిందికి దింపం."

"అది నేను దాచుకున్నదయ్యా."

"నువ్వు దాచుకోలేదు భల్లయ్యా. నేను దాచాను. నువ్వు పళ్ళు పంపావు."

దిగి వస్తుంటే తాబేలు కూర్మయ్య ఎదురయ్యాడు. సభకని తెల్లవారకముందే ఇంట్లో బయలుదేరి, సాయంత్రానికి పలకరాయి దాకా మాత్రం చేరాడట.

"ముందు రాయి ఖాళీగా ఉంటే కూర్చున్నాను," అన్నాడు. "చిలకలన్నీ వెళ్ళిపోయాయి. అప్పుడు మీ పిల్ల వచ్చింది. రాయి వైపు చూసింది. తరవాత నన్నే చూస్తూ చెప్పింది."

"ఎలా చెప్పింది?"

"బాగా చెప్పింది."

"అలా కాదు, చెప్పి చూపించు."

"నాకు చూడటమే వచ్చు భల్లయ్యా," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. కొండ దారిలో ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాను.

ఇంటికి వచ్చి, ఆ మాట ఒక్కసారి అనమని జుంటిని బతిమాలాను. అది గుహ బయటికి వెళ్ళి ఆకాశం చూసి వచ్చింది.

"ఇప్పుడు వాన లేదుగా నాన్నా," అని చెట్టెక్కింది.

ఇప్పుడు నేను రోజూ అందరికంటే ముందు వెళ్ళి ముందు రాయి మీద కూర్చుంటున్నాను. అందరూ అంటే నేనూ కూర్మయ్యా. కథలో ఆ చెల్లెలు వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది, మళ్ళీ వస్తుందో రాదో చెప్పలేనంటోంది నెమలి.

నా సేవలకు మెచ్చి సభవారు నాకు సన్మానం చేసి, సభలో మాటలు విని దాచే సభ చిలకనే బహుమానంగా ఇచ్చారు. ఆ నాటి సభంతా దాని బుర్రలో ఉంది. పాతవన్నీ మరిచిపోయింది గానీ ఒక్కటి మరవదు. పొద్దున లేవగానే అచ్చం నా గొంతుతో, "అదెక్కడికి పోతుందయ్యా, రికార్డవుతోందిగా," అంటుంది. వెనకాలే చప్పట్లు కూడా వినిపిస్తాయి. అన్నప్పుడల్లా జుంటి దానికి ఒక జామపండు ముక్క పెడుతుంది.

నీతి: చూడాల్సినదాన్ని తప్పకుండా దాచిపెట్టుకోండి, చూడలేదనడానికి రుజువైనా మిగులుతుంది.