మొండికేసిన పదో బోల్టు

మిత్రులారా, ఇంట్లో నా మాట చెల్లే చోటు ఒక్కటే ఉంది. కారులో డ్రైవర్ సీటు. ఆ సాయంత్రం నాలుగింటికి మా ఆవిడకు డ్రైవింగ్ పరీక్ష. ఆవిడ పాసైతే ఆ ఒక్క సింహాసనమూ పోతుంది.

అందుకే పొద్దున్నే బానెట్ ఎత్తాను.

"ఏమైందండీ?"

"ఇంజన్ మూత దగ్గర ఆయిల్ కారుతోంది. విప్పి చూడాలి."

"నాలుగింటికల్లా బిగించేస్తారుగా?"

"మన చేతుల్లో ఏముంది?" అన్నాను, ఆపరేషన్‌కు వెళ్ళే డాక్టరులా.

పథకం చాలా సులువు. మూతకు పది బోల్టులు. అన్నీ విప్పి, మూత ఊడదీసి, నాలుగు దాటాక "అయ్యో!" అనాలి. మూత లేని ఇంజన్‌తో ఏ కారూ గేటు దాటదు.

తొమ్మిది బోల్టులు బుద్ధిగా లూజయ్యాయి. పదోది మొండికేసింది. తొందరలో పది నంబరు స్పానర్ బదులు పదకొండు పట్టి బలంగా తిప్పాను. కర్రుమంది. బోల్టు కదల్లేదు. దాని ఆరు పలకల తల మాత్రం అరిగి గోళీకాయలా తయారైంది.

"దీన్ని తీసేదాకా అన్నం ముట్టను!"

"మంచిది. నాకు వంటపని తప్పింది. రివర్స్ పాఠం చదువుకుంటా."

తుప్పు వదిలించే నూనె పోశాను. నూనె తాగి ఊరుకుంది. ప్లయర్‌తో పట్టాను. అది బోల్టును వదిలి నా వేలిని పట్టింది. సుత్తితో నెత్తిన నాలుగు మొట్టాను. ఐదోది నా బొటనవేలు తీసుకుంది.

ఎదురింటి పెద్దాయన మా ప్రహరీగోడమీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. రిటైరైన ఫిట్టరు. వీధిలో ఆయన పేరు ఉచిత సలహాల పెద్దాయన.

"ఒక సైజు చిన్న సాకెట్ గొట్టం దాని తలకు పెట్టి, సుత్తితో దిగ్గొట్టి తిప్పవోయ్!"

దిగ్గొట్టాను. దిగింది. తిప్పితే బోల్టు రాలేదు. లాగితే సాకెట్టూ రాలేదు. ఇప్పుడది టోపీ పెట్టుకుని మరీ నన్ను వెక్కిరిస్తోంది.

మూడున్నరకు నడుందాకా ఇంజన్లో ఉన్నాను. పథకం, పరీక్ష రెండూ మరిచిపోయాను. అదో నేనో తేలిపోవాలి, అంతే.

"వచ్చిందాండీ?"

"రాలేదు! ప్రాణం పోయినా వదల్ను!"

"మూతేమైనా కదులుతోందా?"

"రవ్వంత కూడా కదల్లేదు!" గర్వంగా చెప్పాను. ఎందుకు గర్వపడ్డానో ఇప్పటికీ తెలియదు.

"అంటే గట్టిగానే ఉందన్నమాట. మిగతావి నేను బిగిస్తాను, తప్పుకోండి."

పెద్దాయన గోడమీంచి తన స్పానర్ అందించాడు. "ఇదిగోనమ్మాయీ, అసలు సైజు!"

ఆవిడ చకచకా తొమ్మిదీ బిగించి, మూత అంచున వేలితో రాసి చూసింది. "ఆయిల్ ఏదండీ కారేది?"

"ఆగిపోయినట్టుంది."

"మీ చెయ్యి పడితే అంతే మరి."

ఇంజన్ తొలిసారికే అందుకుంది. "ఎక్కండి. లైసెన్సున్న మనిషి పక్కన ఉండాలిగా!"

పరీక్షాధికారి నల్లబడ్డ నా చొక్కానూ, వాచిన బొటనవేలినీ ఎగాదిగా చూశాడు. "ఈయనెవరమ్మా?"

"మావారండీ. బండి ఎంత గట్టిదో పొద్దుట్నుంచీ పరీక్షిస్తున్నారు."

ఆవిడ ఒక్క తప్పూ లేకుండా పాసైంది.

తిరుగు ప్రయాణంలోనైనా పరువు నిలుపుకుందామని నేను ముందే పరుగెత్తి డ్రైవర్ తలుపు మీద చెయ్యి వేయబోయాను.

"ఆగండాగండి! ఆ గ్రీజు చేతులతో స్టీరింగ్ ముట్టుకుంటారా?"

పాపం, మంచి మనిషి. చుట్టూ తిరిగివెళ్ళి, పక్కసీటు తలుపు తనే తెరిచి నన్ను కూర్చోబెట్టింది.