ఆరు వేల వేగానికి అనుమతి

ఒక సమాజం ఎంత ముందుకు పోయిందో తేల్చడానికి ఒక్క కొలత చాలు: అక్కడ ఒక వస్తువు ఎంత వేగంగా నడవాలో నిర్ణయించడానికి ఎందరు సంతకం చేయాలి? మన దగ్గర ఇప్పటికి ముగ్గురు చేస్తున్నారు. నాలుగో పోస్టు ఖాళీగా ఉంది.

గేములు ఆడే కంప్యూటర్లలో ర్యామ్ అనే మెమరీ స్టిక్కులు ఉంటాయి. డబ్బా మీద ఆరు వేలు అని వేగం రాసి ఉంటుంది. కంప్యూటర్‌లో పెడితే నాలుగు వేల ఎనిమిది వందలతో నడుస్తుంది. మిగతా పన్నెండు వందలు కావాలంటే బయోస్ అనే సెట్టింగుల పేజీలోకి వెళ్ళి ఒక వరుస ఆన్ చేయాలి. దానికి పదకొండు సెకన్లు పడుతుంది. ఇలాంటి పనిని పౌరుల ఇష్టానికి వదిలేయకూడదని గ్రహించి, ఏడేళ్ళ కిందట మెమరీ వేగ నిర్ధారణ మండలిని ఏర్పాటు చేశారు. ఈ ఏడేళ్ళలో మండలి ఇచ్చిన పత్రం ఒక్కటి కూడా తప్పని రుజువు కాలేదు. (ఎన్ని ఇచ్చారని అడిగే ఆనవాయితీ లేదు.)

గత వారం ఈ మండలికి ఒక దరఖాస్తు వచ్చింది. పెట్టినావిడ బస్సు డిపోలో టైమ్‌కీపర్. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది అని ఇరవై రెండేళ్ళుగా రిజిస్టర్‌లో రాస్తున్నారు. సాయంత్రాలు ఇంటి దగ్గర కంప్యూటర్ ముందు కూర్చుని, ఐదుగురు కలిసి కోటను కాపాడే ఆట ఆడతారు. ఆవిడది గేటు కాపలా. ఆవిడ జట్టు లీగ్ ఫైనల్‌కి చేరింది. ఫైనల్ ఆదివారం ఉదయం పదకొండింటికి.

చిక్కల్లా ఒకటే. ఆఖరి రెండు ఆటల్లోనూ ఆవిడ కంప్యూటర్ మధ్యలో బిగుసుకుపోయింది. గేటు దగ్గర ఆవిడ బొమ్మ కదలకుండా నిలబడింది, శత్రువులు పక్కనుంచి నడిచి లోపలికి వెళ్ళారు. ఒకడు ఆగి దండం కూడా పెట్టాడు.

జట్టు కెప్టెన్‌కి కళ్ళజోళ్ళ షాపు ఉంది. సోమవారం సాయంత్రం షాపు కట్టేసి ఆవిడ ఇంటికి వచ్చాడు.

"అక్కా, నీ ఆటకి నేను వంక పెట్టను. కానీ రెండుసార్లు ఆగిన కంప్యూటర్‌కి మండలి పత్రం లేందే లీగ్ వాళ్ళు ఫైనల్‌కి రానివ్వరంట. శుక్రవారం సాయంత్రంలోగా పత్రం తెస్తే గేటు దగ్గర నువ్వు. లేకపోతే మా బావమరిది."

ఆ బావమరిదిని జట్టులో అందరూ స్పేర్ టైరు అంటారు. మూడేళ్ళుగా జట్టులో ఉన్నాడు, ఒక్కసారీ దిగలేదు.

"వాడికి గేటు ఎటుందో తెలుసా?" అన్నారు టైమ్‌కీపర్.

"తెలీదు. కానీ వాడి కంప్యూటర్ ఎప్పుడూ ఆగలేదు కదక్కా."

"ఆన్ చేస్తే కదా ఆగడానికి!"

"మా ఆవిడ ముందు మాత్రం ఆ మాట అనకు. నాకు ఇంట్లో కూడు పుట్టదు."

మండలి పరీక్ష తేలికైనదే. కంప్యూటర్‌ని మండలి కార్యాలయానికి తీసుకెళ్ళాలి. డబ్బా మీది వేగంతో మెమరీని నాలుగు దఫాలు పరీక్షిస్తారు. తప్పు రాకపోతే పత్రం. (తక్కువ వేగానికి పత్రం మండలి ఇవ్వదు. దానికి వేరే శాఖ రావాలి. ఫైలు నడుస్తోంది, తక్కువ వేగంతో.) పద్నాలుగో నిబంధన ప్రకారం, మొదటి నుంచి చివరి వరకు నిర్ధారణాధికారి తెర ముందు కూర్చుని చూడాలి. ఆయన లేస్తే పరీక్ష రద్దు. మళ్ళీ మొదటి నుంచి. కార్యాలయం పది నుంచి ఒంటిగంట, రెండు నుంచి ఐదు.

బుధవారం ఉదయం మొదలైన పరీక్ష తొమ్మిదో నిమిషంలో ఎర్ర గీతతో ఆగిపోయింది.

"బాధపడకండమ్మా. చాలామంది నాలుగో నిమిషంలోనే వెళ్ళిపోతారు," అన్నారు అధికారి.

టైమ్‌కీపర్ అక్కడే కంప్యూటర్ పెట్టె పక్క తలుపు విప్పి చూశారు. ఆవిడ కొన్నది రెండు స్టిక్కులు. లోపల నాలుగు ఉన్నాయి.

ఆవిడ భర్త పళ్ళు కట్టే పనివాడు. దంతవైద్యులు పంపిన అచ్చులను బట్టి కట్టుడు పళ్ళు తయారుచేస్తారు. ఆవిడ ఇంటికి వచ్చేసరికి ఆయన చేతిలో మైనపు దవడ ఉంది.

"ఏవండీ, నేను కొన్నది రెండు. నాలుగెలా అయ్యాయి?"

"పాత కంప్యూటర్‌వి రెండు ఉన్నాయిగా. మొన్నామధ్య దుమ్ము దులుపుతుంటే సందులు కనిపించాయి. చూస్తూ చూస్తూ ఎలా వదిలేస్తాం?"

"అవి సందులు కావు, స్లాట్లు!"

"పేరేదైతేనేం. ఖాళీ వదిలితే పక్కవి వంగిపోతాయి."

"అది ర్యామ్ అండీ, నోరు కాదు!"

"నాలుగుంటే నమలడం తేలికని పెట్టాను," అన్నారాయన, దవడ కింద పెట్టకుండానే. "బ్రష్షుతో తోమి మరీ పెట్టాను."

నాలుగు స్టిక్కులు ఉంటే నాలుగూ ఒకే అడుగు వేయాలి. పాతవి రెండూ ఆరు వేలు ఎన్నడూ చూసినవి కావు. వాటిని ఆవిడ పీకేశారు. పీకుతున్నంత సేపూ ఆయన వేరే గదిలో ఉన్నారు.

గురువారం ఒక్క తప్పూ రాలేదు. పది గంటలకు మొదలైంది. పదకొండు, పన్నెండు, పన్నెండున్నర. తెర పచ్చగానే ఉంది. ఒంటిగంటకు తొంభై నాలుగు శాతం దగ్గర అధికారి కుర్చీ వెనక్కి జరిపారు.

"సార్, ఇంకా పదకొండు నిమిషాలే."

"భోజనం వేళమ్మా."

"ఇక్కడే తినండి సార్, తెర చూస్తూ."

"తింటూ చూస్తే దాన్ని పర్యవేక్షణ అనరు. సినిమా అంటారు. పద్నాలుగో నిబంధన, వివరణ రెండు."

"పోనీ ఈ పదకొండు నిమిషాలు ఆగలేరా?"

"ఆగితే అది ఓవర్‌టైమ్. ఓవర్‌టైమ్‌కి మండలి తీర్మానం కావాలి. మండలి సమావేశం కూడా ఒంటిగంటకే ముగుస్తుంది."

"మరి ఇప్పటిదాకా ఎవరికి పాసైంది సార్?"

అధికారి క్యారియర్ అందుకున్నారు. "అందరూ బాగా దగ్గరికి వచ్చినవాళ్ళేనమ్మా."

రెండింటికి మళ్ళీ మొదలుపెట్టారు. ఐదింటికి తొంభై నాలుగు శాతం దగ్గర అధికారి మళ్ళీ లేచారు. పరీక్షకు పట్టేది మూడు గంటల పదకొండు నిమిషాలు. పూట మూడు గంటలు. ఏడేళ్ళలో ఈ రెండు అంకెలను పక్కపక్కన రాసి చూసినవాళ్ళు లేరు. టైమ్‌కీపర్ రాశారు. డిపోలో పదకొండు నిమిషాలు ఆలస్యమైన డ్రైవర్‌ని ఆవిడ ఊరికే వదిలిన దాఖలా లేదు.

గురువారం సాయంత్రం ఐదున్నరకి ఆవిడ బయోస్ తెరిచారు. అందులో టైమింగ్స్ అనే అంకెల వరుస ఉంటుంది. భర్త స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు.

"ఈ ముప్పై ఆరు ఏంటి?"

"అడిగాక జవాబు ఇవ్వడానికి ముందు ముప్పై ఆరు టిక్కులు ఆగుతుంది."

"నేనెన్ని ఆగుతాను?"

"మిమ్మల్ని కొలిచే గడియారం ఇంకా రాలేదు."

ముప్పై ఆరుని ముప్పై నాలుగు చేశారు. నడిచింది. ముప్పై రెండు, నడిచింది. ముప్పై, నడిచింది. ఇరవై ఎనిమిదికి తెర నల్లగా అయిపోయింది.

"పంటి చిగురు తగిలింది. వెనక్కి రా," అన్నారు భర్త. ఈ విషయంలో ఆయన మాటే సరైనదని తేలింది. ముప్పై దగ్గర ఆపారు.

ఇంకో అంకె ఉంది. మెమరీ పని మధ్యలో ఆగి, ఉన్నది మర్చిపోకుండా ఒకసారి గుర్తు చేసుకుంటుంది. ఎంతసేపటికొకసారి ఆగాలో ఆ అంకె చెబుతుంది. (ఇదే విరామాన్ని మండలిలో టీ అంటారు.) ఆవిడ టీకీ టీకీ మధ్య ఎడం పెంచారు. ఆరింటికి ఇంట్లోనే పరీక్ష పెట్టి చేతి గడియారం చూసుకున్నారు. తప్పులు లేవు. రెండు గంటల యాభై ఐదు నిమిషాలు.

"ఐదు నిమిషాలు మిగిలాయి," అన్నారు భర్త.

"ఆయన టైముకి వస్తే," అన్నారు టైమ్‌కీపర్.

శుక్రవారం పది గంటలకు కుర్చీ ఖాళీగా ఉంది. పది ఒకటికీ ఖాళీగానే ఉంది. పది మూడుకి అధికారి వచ్చారు. ఆవిడ అలవాటు కొద్దీ చీటీ మీద రాసుకున్నారు.

"ఏం రాస్తున్నారమ్మా?"

"మూడు నిమిషాలు లేటు సార్. కారణం చెబితే అదీ రాస్తాను."

అధికారి తిన్నగా కుర్చీలో కూర్చున్నారు. పన్నెండున్నరకి కెప్టెన్ షాపు వదిలి వచ్చాడు, వెనక స్పేర్ టైరు. భర్త అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

"అక్కా, టెన్షన్ పడకు. ఏదైనా అయితే నేనున్నాగా," అన్నాడు స్పేర్ టైరు.

"అందుకేరా టెన్షన్," అన్నాడు కెప్టెన్.

పన్నెండు యాభై రెండుకి అధికారి జేబులో ఫోను మోగింది. ఆయన చెయ్యి జేబు వైపు వెళ్ళింది, చూపు తెర మీంచి కదలబోయింది.

"సార్, చూడకండి!" అని నలుగురూ ఒక్కసారే అరిచారు.

"మా ఆవిడ," అన్నారు అధికారి, తెర వైపే చూస్తూ.

"నేను మాట్లాడనా సార్?" అన్నారు టైమ్‌కీపర్ భర్త.

"వద్దు. ఆవిడకి వేరే గొంతు వినిపిస్తే నాకు సాయంత్రం వేరే పరీక్ష ఉంటుంది."

ఫోను మోగి మోగి ఊరుకుంది. పన్నెండు యాభై ఎనిమిదికి తెర మీద ఒక వాక్యం వచ్చింది: నాలుగు దఫాలు పూర్తి, తప్పులు సున్నా. అధికారి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు.

"ఇప్పుడు నేనేం చేయాలి?" అని అడిగారు.

ఎవరికీ తెలియదు. గుమాస్తాని పిలిచారు. గుమాస్తా భోజనానికి వెళ్ళి వచ్చాక బీరువా వెతికి, దారం విప్పని పత్రాల కట్ట ఒకటి తెచ్చాడు. కత్తెర కోసం ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. మూడు సంతకాలు పడ్డాయి. నాలుగో గడిలో 'పోస్టు ఖాళీ' అని రాసి దాని మీద ముద్ర వేశారు. టైమ్‌కీపర్ పత్రం కళ్ళకద్దుకోబోయి, డిపో అలవాటు కొద్దీ ముందు కింది వరుస చదివారు.

పర్యవేక్షించిన వేళకు మాత్రమే ఈ వేగం చెల్లుతుందని అందులో ఉంది. అంటే పనిదినాల్లో, ఉదయం పది గంటల మూడు నిమిషాల నుంచి పన్నెండు యాభై ఎనిమిది వరకు.

"సార్, మా ఆట ఆదివారం!"

"ఆదివారం నేను చూడలేదు కదమ్మా," అన్నారు అధికారి. ఆయన మాటలో తప్పు లేదు.

ఆదివారం లీగ్ రిఫరీ పత్రం చూశారు, షరతు చదివారు, కంప్యూటర్‌ని నాలుగు వేల ఎనిమిది వందలకు దించమన్నారు. పత్రం ఉంది కాబట్టి గేటు దగ్గర టైమ్‌కీపరే. తెర మీద సెకనుకు నూట నలభై బొమ్మలు రావాల్సిన చోట నూట ముప్పై మూడు వచ్చాయి. తగ్గిన ఏడు ఎక్కడికి పోయాయో చూసినవాళ్ళు లేరు. యాభై రెండు నిమిషాలు ఆవిడ గేటు కాశారు. ఒక్కడూ లోపలికి రాలేదు. ఇద్దరు ప్రయత్నించారు. స్పేర్ టైరు అందరికీ మంచినీళ్ళు అందించాడు, అందులో ఎవరూ వంక పెట్టలేకపోయారు. జట్టు గెలిచింది. కెప్టెన్ అరుస్తూ బల్ల ఎక్కాడు. భర్త కప్పు అంచు గోరుతో గీకి చూసి, పూత మంచిదేనన్నారు.

మంగళవారం మండలి నుంచి ఆవిడకు ఉత్తరం వచ్చింది. అనుమతించిన వేగం వాడకుండా గెలవడం వల్ల, వేగం లేకుండా కూడా గెలవవచ్చన్న అభిప్రాయం ప్రజల్లో కలిగే ప్రమాదం ఉందని, దీన్ని మండలి తీవ్రంగా పరిగణిస్తోందని, ఇకమీదట గెలవదలచిన పక్షంలో కనీసం ఏడు పనిదినాల ముందు దరఖాస్తు చేసుకోవాలని అందులో ఉంది.